స్నానం చేయించినట్టు టిక్కు

ప్రభుత్వ ఖర్చుల లెక్క అడిగే పద్దుల కమిటీ గదిలో కూర్చోగానే సరోజన చెయ్యి ముక్కు మీదికి పోయింది. దుర్వాసనేమీ లేదక్కడ. బల్ల మీద వెచ్చటి మఫిన్లు, కాఫీ, ప్రతి సభ్యుడి ముందూ గాజు గ్లాసులో నీళ్ళు. ఆ శుభ్రమే ఆమెకు పడలేదు.

వాన్ అనే పట్టణంలో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో ఆమె పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. లేవలేని ముసలివాళ్ళను టబ్బులోకి దించే లిఫ్ట్ మెషీన్ నవంబర్‌లో పాడైంది. ఏప్రిల్ వచ్చినా బాగుపడలేదు. కొత్తది కొనడానికి ప్రభుత్వం అంతకు ముందు ఏడాదే హోమ్ నడిపే కంపెనీకి డబ్బిచ్చింది. ముప్ఫై ఇద్దరు మనుషులకు తడిగుడ్డతో తుడవడమే స్నానమైంది. కాగితాల్లో మాత్రం అందరికీ వారానికి రెండేసి స్నానాలు చేయించినట్టు టిక్కులు. ప్రభుత్వ ఆడిటర్ ఆ గుట్టు పట్టుకుని రిపోర్టు రాశారు. దాని మీద ప్రావిన్స్ అసెంబ్లీ పద్దుల కమిటీ విచారణ పెట్టింది. సాక్ష్యం చెబుతానని హోమ్ నుంచి పేరిచ్చింది సరోజన ఒక్కతే.

“మనకెందుకే పెద్దోళ్ల లొల్లి? ఉన్న నౌకరి పోతది” అన్నాడు గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆమె భర్త అంజయ్య.

“పోతె పోనీ. రోసమ్మ పక్క మార్చాలంటె ముక్కు బిగవట్టుకుంటున్న. ఆమె మీద కాదు, నా మీద నాకే అసహ్యమైతుంది” అంది.

రోసా తొంభై ఏళ్ళ ఇటాలియన్ ముసలమ్మ. సరోజన నోట్లో రోసమ్మ అయింది.

విచారణకు ముందు, వరండాలో రంగనాథ్ ఎదురొచ్చాడు. అధికార పక్షం సభ్యుడు, ఆ కమిటీలో ఉన్నవాడు. తెలుగు అసోసియేషన్ వాళ్ళ ప్రతి ఫంక్షన్‌లోనూ శాలువా కప్పించుకునే మనిషి.

“సరోజన గారూ, మీరు మనవాళ్ళని తెలిసి ఎంత హ్యాపీగా ఉందో! కంగారు పడకండి, నేనున్నానుగా. చూసింది చూసినట్టు చెప్పండి చాలు. ప్రభుత్వం డబ్బు, కాంట్రాక్టు, అవన్నీ టెక్నికల్ విషయాలు, మనకెందుకు?”

“సరే సార్” అంది సరోజన. ఆ మాటల్లోని తియ్యదనం ఆమె గొంతులో జిడ్డులా అంటుకుంది.

ముందు కంపెనీ పెద్ద మాట్లాడాడు. గౌరవం, నాణ్యత, నిరంతర మెరుగుదల అంటూ పావుగంట లాగాడు. తరవాత అధికార పక్షానికి ఇరవై నిమిషాలు. ఒక సభ్యుడు తన నియోజకవర్గంలో కట్టిన హోముల పేర్లు చదివాడు. ఇంకొకాయన తల్లిని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కరూ లిఫ్ట్ ఊసెత్తలేదు.

ప్రతిపక్షం నుంచి ఒక నడివయసు ఆవిడ మాత్రం సరోజన వైపు తిరిగి, “ఐదు నెలలు స్నానం లేకపోతే ఏమవుతుందో చెబుతారా?” అని అడిగింది.

సరోజన తనకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది. రొమ్ముల కింద, తొడల మడతల్లో చర్మం ఎలా ఒరుసుకుపోతుందో, దాని మీద ఏం పేరుకుంటుందో, ఆ వాసన ఇంటికెళ్ళాక కూడా ముక్కును వదలదని చెప్పింది. ఒక సభ్యుడు మొహం చిట్లించి, సగం తిన్న మఫిన్‌ను దూరంగా నెట్టాడు. వినడానికే ఇంత రోత పడుతున్నారే, అనుకుంది సరోజన.

అప్పుడు రంగనాథ్ ఒక కాగితం పైకెత్తాడు. “ఈ టిక్కుల పక్కన ఉన్న పొట్టి సంతకం ఎవరిది?” అన్నాడు ఇంగ్లీషులో.

“నాదే. పెట్టకపోతే షిఫ్టులు ఇయ్యనన్నది సూపర్‌వైజర్. పెట్టిన. తప్పే చేసిన.”

అంతవరకూ ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళంతా ఒక్కసారిగా తలలెత్తారు. పెన్నులు కదిలాయి. దొంగ దొరికింది! కంపెనీ పెద్ద ముందుకు వంగి, దీన్ని చాలా తీవ్రంగా పరిగణిస్తామన్నాడు. లిఫ్ట్ డబ్బు ఏమైందో చూపే కాగితాలు తెప్పించాలని ప్రతిపక్షం ఆవిడ తీర్మానం పెట్టింది. వద్దని అధికార పక్షం చేతులన్నీ లేచాయి. అన్నిటికంటే ముందు లేచింది రంగనాథ్ చెయ్యి.

బయట ఆయన మళ్ళీ తెలుగులోకి దిగాడు. “ఏమీ అనుకోకండమ్మా, పార్టీ లైన్ కదా. రండి, ఒక ఫొటో దిగుదాం” అంటూ భుజం మీద చెయ్యి వేశాడు.

“చెయ్యి తీయుండ్రి సార్.”

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. సరోజన తనే ఆ చేతిని ఎత్తి పక్కకు పెట్టి, బస్సుకు నడిచింది.

రెండు వారాలు ఆమెను సస్పెండ్ చేశారు. “నే చెప్పలే?” అని అంజయ్య అనలేదు. పొద్దున్నే చాయ్ పెట్టిచ్చి పనికి పోయేవాడు. కమిటీ చివరికి ఇచ్చిన రిపోర్టులో డబ్బు గురించి ఒక్క మాట లేదు. రికార్డులు సక్రమంగా రాయడంలో కింది స్థాయి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని మాత్రం ఉంది.

కానీ కమిటీలో పలికిన ప్రతి మాటా అచ్చవుతుంది. రోసా కూతురు అది చదివింది. మిగిలిన కుటుంబాల వాళ్ళకూ పంపింది. ఒక శనివారం నలభై మంది హోమ్ ముందు నిలబడి, మా అమ్మల ఒళ్ళు చూపించమన్నారు. తలుపు తియ్యక తప్పలేదు. నాలుగో రోజుకల్లా కొత్త లిఫ్ట్ దిగింది. దాని పక్కన నిలబడి రంగనాథ్ వీడియో తీయించుకున్నాడట, మా ప్రభుత్వం మాట నిలబెట్టుకుందని.

సస్పెన్షన్ ముగిసి సరోజన పనిలో చేరిన రోజున రోసా వంతు వచ్చింది. నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. వదిలేసి మళ్ళీ నింపింది. మడతల్లో మెత్తటి గుడ్డ ఆనించినప్పుడల్లా ముసలమ్మ తన భాషలో తిట్లు లంకించుకుంది.

“తిట్టు రోసమ్మా, బాగ తిట్టు” అంది సరోజన, మూడోసారి నీళ్ళు మారుస్తూ.