కడగొట్టుది గుమ్మం దాటిన పొద్దు

గూట్లో మిగిలింది ఒక్క పిల్లే. తోడబుట్టిన ముగ్గురూ ఎగిరిపోయాక కూడా చెక్క అంచున కూర్చుని, కింద పోయే బస్సులను తల అటూ ఇటూ తిప్పి చూసుకునే ఆ డేగపిల్లకు కడగొట్టుది అని పేరు పెట్టాను. టెలిఫోన్ ఆఫీసు పై అంతస్తు గోడకు బిగించిన చెక్కపెట్టె దాని ఇల్లు. పెట్టెకు ఎదురుగా ఒక కెమెరా ఉంది. అది చూసిందంతా మా ఫోన్లలోకి వస్తుంది.

మేమంటే ముగ్గురం. క్రేనన్నయ్య రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. అద్దాల వదిన కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసింది. నేను లాండ్రీలో చొక్కాలు ఇస్త్రీ చేశాను. మా మధ్య చుట్టరికమేమీ లేదు, పిట్టలే కలిపాయి. ముగ్గురి ఇళ్ళూ ఆ ఆఫీసు చుట్టుపక్కలే.

గూటిని వంతులవారీగా కాపలా కాస్తాం. మొదటిసారి ఎగరబోయిన పిల్ల ఒక్కోసారి వీధిలో పడుతుంది. నిరుడు అలా పడినదాన్ని క్రేనన్నయ్య తువ్వాలులో చుట్టి మళ్ళీ పైకి చేర్చాడు. చక్రాల కింద పడకముందే ఎత్తుకోవాలంటే ఎవరో ఒకరు కన్నేసి ఉండాలి. బాగా ఎగిరితే మాత్రం, చూసినవాళ్ళు మిగతా ఇద్దరికీ ఫోన్ చేసి "గుమ్మం దాటింది" అని చెప్పాలి. అదీ మా నియమం.

ఇన్నేళ్ళలో ఆ మాట నేను ఒక్కసారీ చెప్పలేదు. ఎవరైనా వెళ్తుంటే చూడలేను. రైలు కదిలే వేళకు నాకు ఎక్కడలేని దాహం వేసి నీళ్ళసీసా కొనడానికి వెళ్ళిపోతాను. మా ఆయన పోయిన పొద్దున ఆసుపత్రి మెట్ల కింద ఫ్లాస్కు నింపుతున్నాను. అందుకే రెక్కలు ముదిరే రోజుల్లో నా వంతు కూడా వదినే తీసుకునేది. ఈసారి ససేమిరా అంది.

"పేరు పెట్టినదానివి నువ్వు. సాగనంపేదీ నువ్వే."

ఆ పొద్దున ముగ్గురం ఫోన్లోనే ఉన్నాం.

"ఏం చేస్తోంది?" అంది వదిన.

"వీపు గోక్కుంటోంది."

"నువ్వేం చేస్తున్నావు?"

"వణుకుతున్నాను."

"ఎగరాల్సింది అది. అదే నిమ్మళంగా ఉంది."

క్రేనన్నయ్య గడ్డానికి సబ్బు రాసుకుంటూ అందుకున్నాడు. "ఆ రోజుల్లో ఈ కెమెరాలన్నీ ఎక్కడివి చెల్లెమ్మా. ముగ్గురికీ కలిపి ఒక్క బైనాక్యులర్స్."

"ముగ్గురికీనా? అది నీ మెడ దిగితే కదా," అంది వదిన. "మోకాటిలోతు బురదలో మమ్మల్ని నిలబెట్టి, కొంగల్లో రాజు కనిపించాడన్నావు. ఊపిరి బిగబట్టి చూశాం. దగ్గరికెళ్తే ముళ్ళకంపకు తగులుకున్న బనియను."

"బనియనే కావచ్చు. రెక్కలు ఎంత బాగా ఆడించిందో."

"అది నీ బనియనే అన్నయ్యా," అన్నాను. "ముందు వారం గట్టు మీద ఆరేసి మర్చిపోయావు. ఇస్త్రీ చేసిన చెయ్యి, నాకు తెలియదా?"

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాడాయన.

"రాజుగారు చిన్నబుచ్చుకుంటారని."

వదిన పొట్ట పట్టుకుని నవ్వడం ఫోన్లో వినిపించింది. ఆ రోజుల్లోనే ఆమె దుకాణం బల్ల మీది పిట్టల పుస్తకంలో, బొమ్మల కింద పేర్లు కూడబలుక్కుంటూ నేను చదవడం నేర్చుకున్నాను. నాకు వచ్చిన మొదటి పెద్ద మాట వడ్రంగిపిట్ట. అవన్నీ గుర్తొచ్చి నాకూ నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే తుడుచుకున్నాను. అంతే. తెర నిండా ఈకలు మెరిసి, బొమ్మ ఊగి, మళ్ళీ నిలబడేసరికి పెట్టె ఖాళీగా ఉంది.

"లేదు," అన్నాను.

"ఏది లేదు?"

"కడగొట్టుది. ఎగరడం నేను చూడలేదు. పడిపోయిందేమో వదినా."

ఉతికిన బట్టల బుట్టను మంచం మీద బోర్లించి, ఆ బుట్టతోనే పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి వదిన ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటుతో నడివీధిలో నిలబడి, గొడుగు అడ్డంపెట్టి బస్సు ఆపేసింది. క్రేనన్నయ్య సగం గడ్డం నురగతో, తువ్వాలు భుజాన వేసుకుని, మెడలో బైనాక్యులర్స్‌తో రోడ్డు పక్క కాలవ లోపలికి వంగి చూస్తున్నాడు.

డ్రైవరు దిగాడు. "ఏమైంది పెద్దమ్మా?"

"పిల్ల పడిపోయింది నాయనా. పై అంతస్తు నుంచి."

అతని మొహం పాలిపోయింది. బస్సులోవాళ్ళంతా దిగి చక్రాల కింద వెతకడం మొదలుపెట్టారు. "ఏ రంగు బట్టలు?" అని ఎవరో అడిగారు.

"దానికి బట్టలెక్కడివి? ఈకలుంటాయి," అంది వదిన.

వెతికేవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడి ఆమెను చూశారు. అయినా బస్సెక్కలేదు, మళ్ళీ వంగి వెతికారు.

నా చేతిలోని ఫోను ఖాళీ పెట్టెనే చూపిస్తోంది. తెర పైఅంచున ఏదో గోధుమరంగుది వేలాడుతోంది, సాలెగూడు అనుకున్నాను. అది ఆడింది. వదిన ఫోను లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చారలున్నాయి," అంది. "ఇది తోక."

ముగ్గురం తలలెత్తాం. కడగొట్టుది కెమెరా నెత్తిన కూర్చుని, వీధంతా దాన్ని వెతుకుతుంటే తీరిగ్గా చూస్తోంది. జీవితమంతా పిట్టల వెంట తిరిగినవాళ్ళం, పిట్ట కోసం నేల చూశాం.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే," అన్నాడు డ్రైవరు. అందరికంటే ముందు నవ్వింది క్రేనన్నయ్యే. నురగ నోట్లోకి పోయింది.

అప్పుడు అది రెక్కలు విప్పింది. నా కాళ్ళు వాటంతట అవే మూల మీది దుకాణం వైపు తిరిగాయి.

"నీళ్ళు తెస్తాను," అన్నాను.

వదిన నా మణికట్టు పట్టుకుంది. "ఎవరికీ దాహం లేదు."

క్రేనన్నయ్య తన మెడలోంచి బైనాక్యులర్స్ తీశాడు. పట్టీ ఆయన చెవికి తగులుకుంది. విడిపించుకుని నా మెడలో వేశాడు. అంత బరువుంటుందని నాకు తెలియదు.

అద్దాల్లో దాని మొహం నా అరచేతంత పెద్దదై దగ్గరికొచ్చింది. ముక్కు పక్కన ఇంకా నూగు ఉంది. ఒకసారి కిందికి చూసి దూకింది. ఎగరలేదు, దూకింది. పడిపోతున్నదాని వెంటే నా గుండె కూడా పడింది గానీ కళ్ళు మూయలేదు. రెండో అంతస్తు కిటికీ దగ్గర గాలి దానికి దొరికింది. మా నెత్తుల మీదుగా, బస్సు కప్పు మీదుగా లేచి, ఎదుటి కళ్ళజోళ్ళ దుకాణం బోర్డు మీద వాలబోయి, జారి, ఒంటికాలితో వేలాడి, ఎలాగో పైకెక్కి కూర్చుంది. ముందునుంచీ అలాగే అనుకున్నట్టు రెక్కలు సర్దుకుంది. బస్సులోవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"మా దుకాణమే," అంది వదిన గర్వంగా.

నేను వదిన దగ్గరినుంచి నా ఫోను తీసుకున్నాను.

"ఎవరికి?" అన్నాడు క్రేనన్నయ్య.

"మీకే. చూసినవాళ్ళు చెప్పాలిగా."

"ఇక్కడే ఉన్నాం కదా చెల్లెమ్మా."

"నియమం నియమమే."

వదిన ఫోను మోగింది. ఆమె అటు తిరిగి, గొడుగు నీడలోకి జరిగి, ఎక్కడో దూరదేశంలో ఉన్నట్టు గొంతు పెంచింది. "హలో, ఎవరండీ?"

"నేనే వదినా. గుమ్మం దాటింది."

తర్వాత క్రేనన్నయ్యకు చేశాను. ఆయన నురగ తుడుచుకుని ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"సరిగ్గా వినపడలేదు చెల్లెమ్మా," అన్నాడు నన్నే చూస్తూ. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.