రాజముద్రలు అప్పగించే లోపు

సర్ లయనెల్ గార్‌స్టాంగ్ విదేశాంగ మంత్రిగా ఉన్న పద్నాలుగు నెలల్లో ఒకే ఒక్క మంచి పని చేశాడు. అదైనా మనసు మంచిదై చేసింది కాదు. అప్పుడు నేను ఆయన ఆంతరంగిక కార్యదర్శిని కనుక చెప్పగలను.

ఆయన కాగితాల్లో మొదటి పేరా చదివేవాడు. రెండో పేరాలో ఏదైనా దేశం ఉంటే దానికి ఆ రోజు అదృష్టం లేదన్నమాట. సంతకం మాత్రం గొప్పగా పెట్టేవాడు. మా కార్యాలయంలో ఎర్ర సిరా విదేశాంగ మంత్రి ఒక్కడికే చెల్లుతుంది, ఇంకెవరూ వాడకూడదు. ఆ సిరా ఆరేదాకా కాగితాన్ని ముచ్చటగా చూసుకునేవాడు.

ఆ వసంతంలోనే నా భార్య మార్జరీ పోయింది. మంత్రి ఒక్క మాట అనలేదు. టీ తెచ్చే మిసెస్ ట్రాంటర్ మాత్రం నా సాసర్‌లో రెండో బిస్కెట్ పెట్టడం మొదలుపెట్టింది. 

మే నెలలో ఒక సోమవారం తూర్పు నుంచి మా రాయబారి టెలిగ్రాం వచ్చింది. అక్కడ ప్రభుత్వం మారింది. అక్కడి మా రాయబార కార్యాలయంలో పంతొమ్మిదేళ్లుగా దుబాసీగా ఉన్న స్తోయాన్ అనే మనిషిని గురువారం సాయంత్రం ఆరింటిలోగా అప్పగించాలని కొత్తవాళ్లు కబురు పెట్టారు. అతను భార్యాకూతుళ్లతో ఆ కార్యాలయం నేలమాళిగలోనే దాక్కున్నాడు. మంత్రి ఒప్పుకుంటే రాయబారి తన కారులోనే ముగ్గురినీ సరిహద్దు దాటిస్తాడు. ఆ కారును ఎవరూ సోదా చెయ్యరు.

"ఎవరయ్యా ఈ స్తోయాన్?" అన్నాడు మంత్రి.

"మన దుబాసీ సర్."

"ఇంకో దుబాసీ దొరకడా?"

"దొరుకుతాడు సర్. ఇతన్ని మాత్రం ఉరి తీస్తారు."

"నువ్వు మరీ నాటకీయంగా మాట్లాడతావు థర్ల్‌బీ. వచ్చే నెల వాళ్ల మంత్రి విందుకొస్తున్నాడు. ఒక గుమాస్తా కోసం నేను ఆయనతో మొహం మొహం చూసుకోకుండా కూర్చోవాలా? చూద్దాంలే."

మంగళవారం చూద్దామన్నాడు. బుధవారం అసలు చూడలేదు. మంత్రివర్గంలో మార్పులని పుకారు, తనకు ఖజానా శాఖ ఖాయమని ఆయన నమ్మకం. తన కలాలు, తన కుషను పెట్టెలో సర్దించి అప్పుడే అక్కడికి పంపేశాడు కూడా.

గురువారం పదిన్నరకు ప్రధాని పిలిపించాడు. కూనిరాగం తీస్తూ వెళ్లినవాడు ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చి, టోపీ తియ్యకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"పీకేశారు. ఖజానా లేదు, గిజానా లేదు. నా కుర్చీలోకి ఎవడొస్తున్నాడో తెలుసా? క్రాడక్! మ్యాపులో రెండు సముద్రాలు చూపించమంటే మూడోది వెతికే రకం!"

"ఎప్పటి నుంచి సర్?"

"పన్నెండింటికి రాణిగారి దగ్గరికెళ్లి రాజముద్రలు అప్పగించాలట."

గడియారం పదకొండు కావస్తోంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేనెన్నడూ అలా మాట్లాడలేదు.

"ముద్రలు చేతులు మారేదాకా మంత్రి మీరే సర్. మీరిప్పుడు రాసింది క్రాడక్‌గారు మొయ్యాల్సిందే."

ఆయన తల ఎత్తాడు. నేను స్తోయాన్ కాగితం ముందు పెట్టాను.

"విందులో ఆ దేశపు మంత్రి పక్కన ఎవరు కూర్చుంటారు?"

"విదేశాంగ మంత్రే సర్. మూడు గంటల సేపు."

ఆయన ముఖం విప్పారింది. పండగపూట పిల్లవాడి ముఖంలా ఉందందామంటే పిల్లలకు అన్యాయం.

"కలం ఏదీ?"

కలాలు ఖజానాకు వెళ్లిపోయాయి. నల్లసిరాతో రాస్తే మా టెలిగ్రాం గది తీసుకోదు. కానీ రోజూ పొద్దున్నే ఆయన కలం నింపేది నేనే. ఎర్ర సిరా సీసా నా సొరుగులో ఉంది. నా కలాన్నే అందులో ముంచి ఇచ్చాను.

"పేరేమిటన్నావు?"

"స్తోయాన్ సర్."

"ముగ్గురినీ తక్షణం తీసుకురండి" అని రాసి, "క్రాడక్ గొంతులో అడ్డం పడాలి!" అని పైకే అన్నాడు. సిరా ఆరకముందే కాగితం లాక్కుని మెట్లు దిగాను. నా వయసుకు అది పరుగు కిందే లెక్క. పదకొండుంబావుకి టెలిగ్రాం వెళ్లింది.

మూడింటికి క్రాడక్ వచ్చాడు. టెలిగ్రాం నకలు చూసి ఎర్రబడ్డాడు.

"పోయేవాడు పోక ఈ పేడ నా నెత్తిన వేశాడా? రద్దు చెయ్యొచ్చా?"

"నిక్షేపంగా సర్. 'ఈ కుటుంబాన్ని సైనికులకు అప్పగించండి' అని మీరు ఎర్ర సిరాతో రాయాలి. కాగితం దస్తావేజుల్లో శాశ్వతంగా ఉంటుంది."

ఆయన కలం అందుకున్నాడు, దించాడు. జాలి కాదది, తన సంతకానికి తానే భయపడటం.

"ఇక్కడ టీ ఎప్పుడిస్తారు?" అన్నాడు.

నేనే వెళ్లి మిసెస్ ట్రాంటర్‌ని పిలుచుకొచ్చాను.

కారు సరిహద్దు దాటిందని ఎనిమిదింటికి కబురొచ్చింది. మూడు వారాలకు స్తోయాన్ కుటుంబం లండన్ చేరింది. స్టేషన్‌లో అతను నా చెయ్యి వదల్లేదు.

"ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలండీ. మా పేర్లు కూడా తెలియని మనిషి, మా కోసం ఇంత చేశాడు!"

పేరు తెలియదన్నది నిజమే. మిగతాది దాచుకుని, ఆయనకు ఉత్తరం రాయమన్నాను. జవాబుగా సర్ లయనెల్ సంతకంతో తన ఫొటో పంపాడు. మరుసటి ఏడాది ఒక పత్రికలో "నేను క్షణం కూడా తటపటాయించలేదు" అని రాసుకున్నాడు.

స్తోయాన్ ఆ ఫొటోకు చట్రం కట్టించి భోజనాల గదిలో తగిలించాడు. ప్రతి ఆదివారం నన్ను భోజనానికి పిలుస్తారు. అతని భార్య మిరపకాయల్లో మాంసం కూరి వండుతుంది, అడగకుండానే మరోసారి వడ్డిస్తుంది. కూతురు బడి కబుర్లు చెబుతుంది. పెద్దవాణ్ణని ఫొటో ఉన్న గోడకెదురుగా మంచి కుర్చీ చూపిస్తారు. నడుం నొప్పని చెప్పి, ఫొటోకు వీపు పెట్టే కుర్చీలో కూర్చుంటాను.