నూట పన్నెండో వస్తువు

పొద్దున గది తెరిచేసరికి తాళాలాయన చేతిలో ఉన్నవి మూడు తాళంచెవులు, ఒక చిట్టా, ఒక నూనె సీసా. తాళంచెవులూ చిట్టా కోర్టువి. సీసా దర్జీది.

గదిలో ఉన్నవన్నీ కేసుల వస్తువులు. గొడ్డలి, మరకల చొక్కా, అద్దం పగిలిన గడియారం. ప్రతిదానికీ ఒక అట్టముక్క, ఒక అంకె. ఇరవై ఏళ్ళలో ఆయన ఒక్కటీ పోనివ్వలేదు. నూట పన్నెండోది కుట్టుమిషను. దొంగ ఎత్తుకుపోతే పోలీసులు పట్టుకొచ్చారు. కేసు తేలేదాకా అది కోర్టు స్వాధీనం. దొంగకి పదిరోజుల్లో బెయిలొచ్చింది. మిషనుకి ఆరేళ్ళయినా రాలేదు.

దర్జీ వాయిదా వాయిదాకీ వచ్చి కిటికీ ఊచల్లోంచి దాన్ని చూసుకునేవాడు.

"దొంగ దగ్గరున్నా బాగుండేదన్నా. ఎవరికో అమ్మేవాడు, వాళ్ళైనా కుట్టుకునేవాళ్ళు. తుప్పు పట్టనివ్వకు" అంటూ ఆ సీసా చేతిలో పెట్టాడు. ప్రతి సోమవారం తాళాలాయన మిషనులో రెండు చుక్కలు వేసి చక్రం తిప్పేవాడు.

మొదటి ఏడే దర్జీ అడిగాడు: "కేసు నడుస్తుండగానే అర్జీ పెట్టుకుంటే ఇస్తారటగా?"

"రెండు వాయిదాల్లో తేలిపోతుందయ్యా. వకీలు చుట్టూ ఎందుకు తిరగడం?"

తాళాలాయన మంచికే చెప్పాడు. దర్జీ నమ్మాడు. నమ్మి, పరాయి కొట్లో ఓ మూల కూర్చుని చేత్తో కాజాలు కుట్టాడు.

పోయినవారం తీర్పొచ్చింది. మిషను సొంతదారుకి అప్పగించాలి. ఈ రోజు తాళాలాయన దాన్ని తుడిచి, చక్రానికి పట్టా బిగించి, గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం దర్జీ కూతురొచ్చింది.

"నాన్నేడమ్మా?"

"గురువారం పోయాడు బాబాయ్. తీర్పు సంగతి విని, దీన్ని పెట్టడానికి కిటికీ పక్కన చోటు కూడా ఖాళీ చేశాడు."

తాళాలాయన ఉత్తర్వు మళ్ళీ చదివాడు. అందులో ఉన్నది దర్జీ పేరు. సంతకం దర్జీయే చెయ్యాలి.

"వారసులు వేరే అర్జీ పెట్టాలమ్మా."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

రెండు వాయిదాలు అనబోయాడు.

"నాకు తెలీదు తల్లీ. ఈ పూటే రాయించు. ఎవరేం చెప్పినా ఆగకు."

చిట్టాకెక్కనిది సీసా ఒక్కటే. అది తీసి ఆమె చేతికివ్వబోయాడు.

"ఉంచు బాబాయ్. దానికి కావాలిగా."

ఆమె వెళ్ళాక మిషనును ఎత్తి పాత అరలోనే పెట్టాడు. ఆరేళ్ళ కాపలాకి మిగిలింది తుప్పు పట్టని ఇనుము. దాని పక్కన, అడుగున నాలుగు చుక్కలున్న నూనె సీసా.