మగ్గాల చప్పుడులో మాటలు

"మీ ఊళ్ళో బంగాళదుంప ముక్కల మీద వెనిగర్ పోసుకుని తింటారటగా. ఆ కంపు మా ఇంట్లో వద్దమ్మా," అన్నారు అత్తగారు, నేను మిరపకాయ బజ్జీలకి శనగపిండి కలుపుతుంటే. ఆవిడ అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో దిగిన ఈ నాలుగు నెలల్లో ఈ మాట వినని ఆదివారం లేదు. నేను వెనిగర్ సీసా ముట్టి నాలుగేళ్ళయింది. పెళ్ళయి ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి వారమే మా ఆయన రఘువీర్ దాన్ని సింకులో ఒంపేశాడు.

మా ఊరు బర్న్‌లీ. ఇంగ్లండు ఉత్తరాన, ఒకప్పుడు నేతమిల్లులతో బతికిన ఊరు. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. నేను పుట్టిందీ, పెరిగిందీ, పదకొండేళ్ళు వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం వెలగబెట్టిందీ అక్కడే, నా పాస్‌పోర్టూ ఆ దేశానిదే. నల్లబడిన రాతి ఇళ్ళు, ఇళ్ళ కప్పులకంటే ఎత్తున పారే కాలవ, ఏడాదిలో సగం రోజులు వాన. బస్సెక్కితే డ్రైవరు, మనవాళ్ళు "అమ్మా" అన్నట్టే, "లవ్" అని పిలిచేవాడు. అక్కడ కూరగాయలమ్మేవాడు కూడా అలాగే పిలుస్తాడు. పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడి ఈ సంగతి చెబితే రఘువీర్ తింటున్న కంచంలోంచి తలెత్తకుండా, "ఎవడు పడితే వాడు లవ్ అంటే పలికేదానివన్న మాట," అన్నాడు. ఆ తరవాత మా ఊరి కబుర్లు నాలోనే చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాను. అతను మాత్రం మానలేదు. నా ఇంగ్లీషుకి సబ్‌టైటిల్స్ కావాలనీ, నా తెలుగు మ్యూజియంలో పెట్టాల్సిందనీ స్నేహితులకి చెప్పి నవ్విస్తాడు. వాళ్ళు నవ్వుతుంటే నేను ప్లేట్లు తీస్తుంటాను.

నా పేషెంట్లలో సగంమంది మిల్లుల్లో చెవులు పోగొట్టుకున్న ముసలమ్మలు. అందులో డోరీన్ నాకు ప్రాణం. పదిహేనో ఏట మగ్గాల షెడ్డులో చేరిందట. ఆ చప్పుడులో పక్కమనిషి అరిచినా వినపడదు కనక ఆడవాళ్ళందరూ పెదాలు సాగదీసి, ముఖం మొత్తంతో మాట్లాడుకునేవాళ్ళు. సూపర్‌వైజరు ఎదురుగానే నిలబడితే, అతని తల మీదుగా అతన్నే తిట్టుకునేవాళ్ళు. డోరీన్ నాకు ఆ విద్య నేర్పింది. పెదాలొక్కటే చూడకు, దవడ చూడు, కనుబొమలు చూడు, ఒక్కసారి చూసి నమ్మకు అనేది. నేను ఒక మాట సరిగ్గా పట్టుకుంటే తన హ్యాండ్‌బ్యాగులోంచి పుదీనా బిళ్ళ తీసిచ్చేది. ఆ గదిలో నేను ఎవరి భార్యనీ కాదు, ఎవరి కోడల్నీ కాదు, పని తెలిసిన మనిషిని. ఆ గదిలో ఉండే ఆ రేణు మీద నాకు ఇప్పటికీ బెంగ.

ఇక్కడ క్యారీలో ఒక వినికిడి క్లినిక్‌వాళ్ళు నన్ను అసిస్టెంటుగా తీసుకుంటామన్నారు. వర్క్ పర్మిట్ తెచ్చుకోమన్నారు, నెలాఖరు దాకా ఆగుతామన్నారు. నాది హెచ్‌ఫోర్ వీసా, భర్త వీసాకి తోకలాంటిది. అతని గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టొకటి ఉంది. అది అప్రూవ్ అయితేనే నేను పర్మిట్ అడగగలను. మూడేళ్ళుగా అడుగుతున్నాను, మూడేళ్ళుగా "ఇంకా రాలేదు" అంటున్నాడు. పోయిన నెల ఏడిస్తే తల నిమిరి, "లాయర్‌ని మళ్ళీ కనుక్కుంటాలే," అన్నాడు. ఆ చెయ్యి పట్టుకుని థాంక్స్ కూడా చెప్పాను.

ఆ మధ్యాహ్నం భోజనానికి అతని ఆఫీసు స్నేహితుడు దివాకర్, భార్య విజయశ్రీ వచ్చారు. మగవాళ్ళిద్దరూ వంటింటి వెనక పాటియోలో, ఆరుబయట కూర్చున్నారు. అద్దం తలుపు మూసి ఉంది. నేను స్టవ్ దగ్గర, నెత్తిన ఫ్యాను రొద. ఊరికే తలెత్తాను. రఘువీర్ ముఖం సరిగ్గా నా వైపే ఉంది.

ఐ-140, అన్నాడు. రెండేళ్ళు, అన్నాడు. డోరీన్ మాట గుర్తొచ్చి నమ్మలేదు. మ, ప, బ పెదాల మీద ఒకేలా కనిపిస్తాయి, నేనే తప్పు చదివి ఉంటాను అనుకున్నాను. కానీ దివాకర్ ఏదో అడిగాడు, ఇతను మళ్ళీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. రెండేళ్ళ కిందటే అప్రూవ్ అయింది. రేణుకి చెప్పలేదు. ఆ తరవాత బొటనవేలితో వంటింటివైపు చూపించాడు. అది జాబ్‌కెళ్తే ఇదంతా ఎవడు చేస్తాడ్రా? దివాకర్ నవ్వాడు.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది, ఆ చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పినందుకు. మిగిలిన వాయి ఎర్రగా వేయించి, పళ్ళెంలో సర్దాను. అందరినీ టేబుల్ దగ్గరికి పిలిచాను.

విజయశ్రీ మంచిది. తనే అడిగింది. "రేణూ, నీ వర్క్ పర్మిట్ ఏమైంది? ఆ క్లినిక్‌వాళ్ళు ఇంకా హోల్డ్ చేశారా?"

"ఎక్కడండీ, ఐ-140 ఇంకా పెండింగే," అన్నాడు రఘువీర్ నిట్టూరుస్తూ. నిట్టూర్పు కూడా బాగా కుదిరింది.

"అప్రూవ్ అయి రెండేళ్ళయింది కదా," అన్నాను.

రఘువీర్ దివాకర్ వైపు గుర్రుగా చూసి, "ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

"నువ్వే. ఇందాక పాటియోలో."

"డోర్ వేసుంది కదే!"

దివాకర్ బజ్జీలో కారం ఎక్కువైనట్టు నీళ్ళు తాగాడు. విజయశ్రీ చేతిలో ముక్క చేతిలోనే ఉంది. అత్తగారు మాత్రం, "వాడేం చేసినా ఇంటి కోసమేనమ్మా. ఆ చట్నీ ఇలా తే," అన్నారు.

రఘువీర్ తేరుకున్నాడు. నలుగురి ముందూ నవ్వడం అతనికి బాగా వచ్చు. "సరే, దాచాను. అప్రూవల్ నోటీస్ నా దగ్గరే ఉంది. నేను ఇవ్వకపోతే ఏం చేస్తావ్?"

చట్నీ గిన్నె అత్తగారి ముందు పెట్టాను.

"ఇవ్వకు. బర్న్‌లీలో పని చెయ్యడానికి నాకు ఎవరి నోటీసూ అక్కర్లేదు. శనివారం వెళ్తున్నాను. నువ్వూ రావాలంటే నా డిపెండెంట్‌గా రావాలి. అప్లై చేస్తాన్లే, గుర్తుంటే."