అమ్మకానికి పెట్టిన విల్లీస్ జీపు

కొత్త రంగుతో నిగనిగలాడుతున్న తన పాత విల్లీస్ జీపును ఎవెలియో పొద్దుట్నుంచీ తుడుస్తూనే ఉన్నాడు. కాలు ఒకచోట నిలవడం లేదు. దాన్ని కొనడానికి రాజధాని బొగొటా నుంచి వచ్చిన డాక్టరును పక్కన కూర్చోబెట్టుకుని, కాఫీ తోటల కొండదారి పట్టాడు. రోజూ దారిలో చెయ్యెత్తినవాళ్ళందర్నీ ఎక్కించుకునేవాడే అయినా, ఇవాళ మాత్రం ఎవర్నీ ఎక్కించుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

మలుపులో పొరుగు తోట ఒఫేలియా అరటిగెలతో నిలబడి చెయ్యెత్తింది. అతని కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"అబ్బో, పెళ్ళికొడుకులా ముస్తాబయిందే నీ జీపు!" అంటూ ఆమె గెలను బానెట్ మీదే పడేసి వెనకెక్కింది. ఇంకో ముగ్గురు పరిగెత్తుకొచ్చి వెనక కమ్మీ పట్టుకుని వేలాడారు. జీపు మళ్ళీ కదిలింది.

డాక్టరు మొహం మాడిపోయింది. "గీతలు పడుతున్నాయయ్యా! వాళ్ళని దించేస్తావా, బేరం వదులుకుంటావా?"

ఎవెలియో బండి ఆపాడు.

"మీరు దిగండి డాక్టరుగారూ. వాళ్ళు దిగే చోటింకా రాలేదు."