ఈశ్వరి ఇంటి గ్యాసు

పొద్దున లేవగానే ఈశ్వరి దొడ్లోకి పోయి గోబర్ గ్యాసు డ్రమ్ము ఎంత లేచిందో చూస్తుంది. డ్రమ్ము తొట్టిలోంచి జానెడు పైకి తేలి ఉంటే ఆ పూట సంగటి ఉడుకుతుంది. అడుక్కి దిగి ఉంటే ఆ పూట ఆమెకు దెబ్బలు పడతాయి.

మొదట్లో ఇట్లా లేదు. గార్లదిన్నె పక్కనున్న ఆ పల్లెలో సర్కారు సబ్సిడీ మీద గ్యాసు తొట్లు కట్టించినప్పుడు, కంప కొట్టే బాధ తప్పింది, కిరసనాయిలు ఖర్చు తగ్గింది, పొగకు కళ్లు మండటం పోయింది అని ఆడవాళ్లంతా మురిసిపోయారు. కరువొచ్చి గొడ్లన్నీ సంతకు పోయాక పేడ లేదు, గ్యాసూ లేదు. అందరి డ్రమ్ములూ తుప్పుపట్టాయి. తిప్పేష్ మాత్రం వాన రాలేదన్న కసితో పెళ్లాం ఈశ్వరిని వంగదీసి గుద్దిన రోజు, అతని దొడ్లో డ్రమ్ము గుడగుడమంటూ లేచింది. తిప్పేష్ కోపానికి గ్యాసు పుడుతోందని ఊరు అనుకుంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

అత్త కదిరమ్మ మహా పొదుపరి. ఎసరు పెట్టి కొడుకును కేకేసేది.

"రేయ్ తిప్పా, మంట సన్నగా వస్తాండాది. రెండు తగిలించు."

కొడుకు కోపం చల్లారకూడదని రోజూ గుడ్డు ఉడికించి పెట్టేది. పక్కింటి చౌడమ్మ మేకపాలు కాచుకోవడానికి గిన్నె పట్టుకొచ్చి, దెబ్బలు అయిందాకా అరుగు మీద కూర్చునేది.

ఈశ్వరికి ముందుపన్ను ఊడింది. ఎడమ చెవి వినపడటం మానేసింది. ఏడిస్తే ఇంకా పడతాయని అన్నీ మింగేది. ఏదో ఒకరోజు ఈ పొయ్యి ముందరే తన ప్రాణం పోతుందని ఆమెకు తెలుసు.

తిప్పేష్ బత్తలపల్లి వెళ్లిన రోజు ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. ఈశ్వరి కూతురు లక్ష్మీదేవికి కదిరమ్మ తల దువ్వుతోంది.

"దీన్ని గూడా దీని నాయన మాదిరి వానికే ఇయ్యాల. ఆ ఇంట్లో గూడా పొయ్యి మండాల గదా" అంది.

ఈశ్వరి ఆ మాటనూ మింగింది. దొడ్లో డ్రమ్ము ఎన్నడూ లేనంత ఎత్తు లేచి కొట్టం చూరుకు తగిలింది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఇన్నాళ్లూ పొయ్యిలో మండింది మొగుడి కోపం కాదు, తను మింగిన కోపం. ఊరంతా పొరపాటు పడింది, తనూ పడింది. ఆ సంగతి తెలిశాక ఆమె ఒళ్లంతా భగభగలాడింది.

సాయంత్రం తిప్పేష్ తాగి వచ్చాడు. డ్రమ్ము నిండుగానే ఉన్నా అలవాటుకొద్దీ చెయ్యెత్తాడు. ఈశ్వరి ఈసారి తల వంచలేదు.

"ఆ పొయ్యిలో మండేది నేను. నా మీద చెయ్యేసి చూడు."

వేశాడు. ఎవరూ వెలిగించకుండానే పొయ్యి భగ్గుమంది. నీలిమంట ఈశ్వరిని తప్పించుకొని పోయి అతని కుడిచేతిని మోచేతి దాకా పట్టుకుంది. చర్మం ఊడి వేలాడింది. ఆ అరుపులకు చౌడమ్మ గిన్నె వదిలేసి పరుగెత్తింది. అనంతపురం ఆసుపత్రిలో ప్రాణం దక్కింది గానీ చెయ్యి కట్టెలా బిగుసుకుపోయింది. ఇక పైకి లేవదు.

ఈశ్వరి నిబ్బరంగా ఉంది. డ్రమ్ము అడుక్కి దిగిపోయింది. కదిరమ్మ కొన్నాళ్లు కోడలి మొహంలో కోపం ఏమైనా మిగిలిందా అని వెతికింది. ఒక మాట విసిరి చూద్దామనుకొని, కొడుకు చెయ్యి చూసి ఊరుకుంది. చివరకు ఒక పొద్దున గంప నెత్తిన పెట్టుకొని, పై ఊళ్ల ఎద్దులబండ్లు పోయే బాట పట్టింది.

"యాడికి పోతాండావు కదిరమ్మా?" అని అడిగింది చౌడమ్మ.

"పేడకు" అంది కదిరమ్మ తలెత్తకుండా. "మా కోడలు ఇంగ మండదంట."