పర్ర మీద కిర్రుచెప్పులు

"ఇంకా కిర్రుమనాలి పోలయ్యా," అంటూ బుల్లియ్య కొత్త చెప్పులతో మొగల్తూరు సంతలో మరోసారి అటూ ఇటూ నడిచాడు.

చెప్పులు కుట్టే పోలయ్య పళ్ళమధ్య దారప్పోగు పట్టుకునే తలెత్తి చూశాడు. పొద్దున్నుంచీ ఎన్ని జతలు తొడిగి విప్పించాడో అతనికే గుర్తులేదు. "పెళ్ళికొడుకులు కూడా ఇంత పేచీ పెట్టరండి బుల్లియ్యగారూ. పర్రలో కాపలా తిరిగే మనిషికి చప్పుడు కాని చెప్పులు కావాలి గానీ ఈ సోకేంటండీ?"

"నా సోకు నాది. అట్టల మధ్యన ఇంకో పొర వెయ్యి."

పోలయ్య నవ్వుకుంటూ కుట్టు విప్పి, ఎండి గలగలలాడే తోలుముక్క ఇంకొకటి లోపల పెట్టి కుట్టి ఇచ్చాడు. ఈసారి అడుగు వేస్తే పక్కన చింతపండు అమ్ముకునే ఆవిడ కూడా తిరిగి చూసింది. అప్పుడు గానీ బుల్లియ్య ముఖం విప్పారలేదు.

అతనేమీ సోకు చేసుకునే వయసువాడు కాడు. యాభై దాటాయి. ఎండకి కమిలిన సన్నటి శరీరం, ఉప్పునీళ్ళకి బీటలు వారిన పిక్కలు, తెల్లటి పర్రను చూసి చూసి ఎప్పుడూ నీరు కారుతూ ఉండే ఎడమకన్ను. పుట్టింది చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో. ధాత నామ సంవత్సరపు కరువులో వలలు కూడా అమ్ముకు తిన్నాక, కడుపు కోసం ఉప్పు కచేరీలో బంట్రోతుగా చేరాడు. భార్య ఆ కరువులోనే పోయింది. పిల్లలు లేరు. చెల్లెలు రత్తమ్మ ఒక్కతే మిగిలింది.

ఉప్పు కాపలా అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. సముద్రం ఒడ్డున ఊళ్ళకీ అలలకీ మధ్య చవిటి పర్ర ఉంది. పోటుకి నీళ్ళు ఎక్కుతాయి, వేసవిలో ఇంకిపోతాయి, నేలంతా తెల్లగా ఉప్పు పూస్తుంది. ఎవరూ దున్నలేదు, ఎవరూ చల్లలేదు. అయినా దాన్ని పిడికెడు గోకితే నేరమన్నారు సర్కారువారు. సుంకం కట్టి సర్కారు కొఠారు ఉప్పే కొనుక్కోవాలట. చేపలవాళ్ళకి అంత తాహతు ఎక్కడిది? ఉప్పు పడకపోతే చేప పొద్దుగూకేదాకా ఆగదు. అందుకని ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని పర్ర మీదికి పోయేవారు, బంట్రోతులు వాళ్ళని కర్రలతో బాదేవారు. ఆ వేసవుల్లో చేపలవాళ్ళ పల్లెపాలెంలో దెబ్బ తగలని వీపు వెతికినా దొరికేది కాదు. మక్కెలు విరిగిన ముసలమ్మలు చాపల మీద మూలుగుతూ ఉండగానే కోడళ్ళు తట్టలు తీసుకుని బయల్దేరేవారు. మనుషుల్ని ఇంత చిన్న దానికోసం ఇంతలా కొట్టవచ్చునని నేర్పిన కాలం అది.

ఈ ఏడు కొత్త హుకుం వచ్చింది. బంట్రోతులు ఇళ్ళకి పోకూడదు. వానలు పడేదాకా పర్ర మీదే పాక వేసుకుని, అక్కడే వండుకుని, అక్కడే పడుకోవాలి. సర్కారు ఇచ్చేది ఇత్తడి బిళ్ళా ఎర్ర తలపాగా మాత్రమే. తక్కిన సామానంతా ఎవడి ఖర్చు వాడిదే. అందుకే బంట్రోతులంతా ఆవేళ సంతలో పడ్డారు. బురదలో జారకుండా ములుకులు కొట్టిన చెప్పులు ఒకడు కొన్నాడు. చీకట్లో కలిసిపోయే నల్లకంబళి ఒకడు కొన్నాడు. చివర ఇనుపపొన్ను వేసిన కర్ర ప్రతివాడూ కొన్నాడు. బుల్లియ్య మాత్రం కిర్రుచెప్పులు కొన్నాడు. గుల్ల వెదురుకర్ర ఒకటీ, కోసు దూరానికి కనిపించే పెద్ద తాటాకు గొడుగూ కొన్నాడు. కంబళికి చెయ్యి ఆడక రెండు పాత గోనెపట్టాలు తీసుకున్నాడు.

"కాపలాకి పనికిరానివన్నీ ఏరి ఏరి కొన్నాడ్రా," అని తోటివాళ్ళు పగలబడి నవ్వారు. బుల్లియ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు.

కొలువులో చేరిన కొత్తలో అతని చేతిలోనూ పొన్నుకర్ర ఉండేది. ఒకనాడు పాలెం ముసలాయన ఒకడు తువ్వాలులో ఉప్పు మూటకట్టుకుని పరుగెత్తాడు. ఆపుదామనే బుల్లియ్య కర్ర విసిరాడు. మోకాలిచిప్ప పగిలి తెల్లటి ఎముక బయటికి వచ్చింది. ముసలాయన కూలబడిన చోటనే కూర్చుని, నెత్తురు కలిసిన ఉప్పుని వేళ్ళతో ఏరి మళ్ళీ తువ్వాలులో వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆ పుండుతోనే వానాకాలం రాకముందే పోయాడు. కచేరీలో బుల్లియ్యని మెచ్చుకున్నారు. ఆ మెప్పు విన్ననాడు అతను ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేక లేచిపోయాడు.

తరవాతి సంతలో పొన్నుకర్ర అమ్మేసి వెదురు కొన్నాడు, చెప్పులు మార్చాడు. సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది. ఆ గాలిని వీపు మీద పెట్టుకుని నడిస్తే కిర్రుకిర్రుమనే చప్పుడు మడపొదలు దాటి ముందుకి పోతుంది. పొదల వెనక వంగి ఉప్పు గోకుతున్న ఆడవాళ్ళు విని, తట్టలు నెత్తిన పెట్టుకుని ఉప్పుటేరు రేవు వైపు పారిపోతారు. బుల్లియ్య తాపీగా వచ్చి, గోకిన నేల చూసి, ఎవరూ చిక్కలేదని కచేరీలో చెబుతాడు. ఇదంతా కావాలని చేస్తున్నానని అతను ఎవరితోనూ అనలేదు. పాలెంలో అందరికీ తెలుసు, వాళ్ళూ అనలేదు. ఆ చెప్పుల చప్పుడు వినిపించిన చోట ఎవరి వీపూ చిట్లలేదు.

సంతనుంచి వస్తూ మధ్యాహ్నానికి పాలెం దాటాడు. ఇసుక మీద సావిడాయలు వెండిరేకుల్లా గుట్టలు పోసి ఉన్నాయి. ఇన్ని చేపలు పడి ఏళ్ళయింది. పడవ పగిలి, అరువు పడవ మీద బతుకుతున్న చెల్లెలి మొగుడు పెదబాబు ఆ గుట్ట చుట్టూ పిచ్చివాడిలా తిరుగుతున్నాడు. ఈ చేప నిలిస్తే అతనికి సొంత పడవ, కుళ్ళితే మళ్ళీ కూలి బతుకు. రత్తమ్మ చెంబుతో గంజి తెచ్చి అన్న చేతికి ఇచ్చింది.

"ఇయ్యాల బాగా పడ్డాయి అన్నయ్యా," అంది.

"ఎండ కూడా బాగుంది."

ఆమె అతని పాదాలకేసి చూసింది. "కొత్తయ్యా?"

"కొత్తవే. బాగా మోగుతున్నాయి."

"మంచిది," అని చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

పాక దగ్గర జమేదారు చంద్రరావు ఎదురయ్యాడు. ఈ ఏడే బదిలీ మీద వచ్చాడు. గొంతు పెంచి మాట్లాడడు, బట్ట నలగనివ్వడు. ఉప్పు గోకిన చేతిని నేల మీద పెట్టించి దానిమీద మడమ ఆనించి నిలబడి పేరూ ఊరూ అడుగుతాడు. వేళ్ళు పటపటమంటుంటే అతని ముఖం మామూలుగానే ఉంటుంది.

"మంచి చెప్పులు కొన్నావే బుల్లియ్యా," అన్నాడు నవ్వుతూ. "నేను నరసాపురం పోతున్నా. మిగతావాళ్ళు ఇంకా సంతలోనే ఉన్నారు. నువ్వు ఎప్పట్లాగే సముద్రం వైపు నుంచి ఓ తిరుగుడు తిరిగి రా."

"చిత్తం అండి."

బుల్లియ్యకి ప్రాణం లేచివచ్చింది. జమేదారు ఊళ్ళో లేని రోజునే చేపలు పడడం చెల్లెలి అదృష్టం అనుకున్నాడు. ఆడవాళ్ళకి తట్టలు నింపుకునే వ్యవధి ఇవ్వాలని పాకలో కాసేపు నడుం వాల్చాడు. పొద్దు వాటారుతుండగా లేచి, చుట్టు తిరిగి సముద్రం ఒడ్డుకి పోయి, గాలికి వీపు పెట్టి నడక సాగించాడు. నేల ఎండి గట్టిగా ఉంది. కొత్త తోలు ఒక్కొక్క అడుగుకీ కిర్రుమంటోంది. పోలయ్య పనివాడే అనుకున్నాడు.

మడపొదల అవతల గాజుల చప్పుడు, గుసగుసలు, తరవాత రేవు వైపు పరుగు. అన్నీ ఎప్పట్లాగే. బుల్లియ్య నడక తగ్గించాడు.

రేవు దగ్గర నుంచి కేక వినిపించింది. వెంటనే ఇంకొకటి. కర్ర ఎముక మీద పడే చప్పుడు అతనికి బాగా తెలుసు. అది కూడా వినిపించింది.

అప్పుడు గానీ అతనికి సంగతి అర్థం కాలేదు. చంద్రరావు నరసాపురం పోలేదు. బంట్రోతుల్ని వెంటబెట్టుకుని రేవు పొదల్లో కూర్చున్నాడు. ఆడవాళ్ళని రేవులోకి తోలడానికే బుల్లియ్యని వెనకనుంచి పంపాడు. బుల్లియ్య పరుగందుకున్నాడు. చెప్పులు ఇంకా జోరుగా మోగాయి. వెనకబడి ఉన్న ఆడవాళ్ళు ఆ చప్పుడు తరుముకొస్తుంటే భయపడి మరింత వేగంగా రేవులోకే, కర్రల కిందికే పరుగెత్తారు. అతను చెప్పులు పీకి విసిరేసి, "ఆగండే, అటు పోకండే," అని అరుస్తూ వట్టికాళ్ళతో పరుగెత్తాడు. ఉప్పుపెళ్ళలు అరికాళ్ళని కోసేశాయి. రేవులో కేకల మధ్య ఆ మాట ఎవరికీ అందలేదు.

రేవు నీళ్ళు ఎర్రబారి ఉన్నాయి. ఒక ముసలమ్మ బురదలో బోర్లా పడి కదలడం లేదు. ఒకామె జుట్టు ఇద్దరు బంట్రోతులు చెరోవైపు లాగుతున్నారు. పొన్నుకర్రలు పైకి లేస్తున్నాయి, వీపుల మీదా, తలలు దాచుకున్న మోచేతుల మీదా పడుతున్నాయి. ఉప్పంతా బురదలో కలిసిపోయింది. రత్తమ్మ మోకాళ్ళ మీద ఉంది. ఉప్పు గోకే ఆలిచిప్ప ఆమె గుప్పిట్లోనే ఉంది. ఆ గుప్పిటి మీద చంద్రరావు మడమ ఉంది. చిప్ప అంచు అరచేతిలోకి దిగి వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

"వచ్చావా," అన్నాడు చంద్రరావు అందరికీ వినబడేలా. "వేటకుక్కలు కూడా ఇంత చక్కగా తోలవు బుల్లియ్యా. నీకు బహుమానం రాయిస్తాను."

ఆడవాళ్ళందరూ అతనివైపు చూశారు. కొట్టినవాడిని చూసినట్టు కాదు, ఇన్నేళ్ళూ మచ్చిక చేసి ఆఖరికి అమ్మేసినవాడిని చూసినట్టు చూశారు. రత్తమ్మ కూడా అలాగే చూసింది.

"నాకు తెలీదు రత్తమ్మా," అన్నాడు.

అతను వంగి, చంద్రరావు కాలిని రెండు చేతులా పట్టి ఎత్తి వెనక్కి తోసేశాడు. జమేదారు బురదలో వెల్లకిలా పడ్డాడు. రత్తమ్మ చెయ్యి చితికిన పండులా నేలకి అతుక్కుపోయి ఉంది. దాన్ని మెల్లగా పైకి తీద్దామని బుల్లియ్య ఆమెమీదికి వంగాడు.

పాలెం మగవాళ్ళు అప్పుడే తెడ్లు ఎత్తుకుని వచ్చిపడ్డారు. పెదబాబుకి కనిపించింది తన పెళ్ళాం మీదికి వంగి ఆమె విరిగిన చెయ్యి పట్టుకున్న ఎర్ర తలపాగా ఒక్కటే. తెడ్డు రెండు చేతులా ఎత్తి ఆ తలపాగా మీద వేశాడు. తరవాత మనిషిని పోల్చుకున్నాడు. ఇతనే తోలాడని వెనక ఆడవాళ్ళు అరుస్తుంటే, "నువ్వేనా తోలింది బావా," అని మళ్ళీ వేశాడు.

చంద్రరావూ బంట్రోతులూ తెడ్ల దెబ్బలకి తలలు పగిలి, చేతులు వేలాడేసుకుని గట్టెక్కి పారిపోయారు. కేకలు సద్దుమణిగాయి.

బుల్లియ్య అలసిపోయినవాడిలా చతికిలబడ్డాడు. చెవిలోంచి నెత్తురు మెడమీదికి జారుతోంది. చుట్టూ చూసి, ఒకచోట ఇంకా తెల్లగా మిగిలిన ఉప్పు కుప్పని గడ్డంతో చూపించాడు.

"బావా, అది ఎత్తుకెళ్ళండి. పొద్దుగూకితే చేప పాడైపోద్ది," అన్నాడు.

అంతే. తల రత్తమ్మ ఒళ్ళోకి ఒరిగింది. ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆమెకి కూడా తెలియలేదు. అన్న తమని అమ్మలేదని మాత్రం ఆ మాటతో తెలిసింది. అది తెలియడానికి అంత ఆలస్యమైనందుకు ఆమె బతికినన్నాళ్ళూ తనని తాను క్షమించుకోలేదు.

"మా అన్న మనోడే మావా," అంది. పెదబాబు చేతిలో తెడ్డు జారిపోయింది.

మర్నాడు పోలీసులు వచ్చి పెదబాబుని రాజమండ్రి జైలుకి పట్టుకుపోయారు. ఉప్పు దొంగలతో పోరాడి ప్రాణమిచ్చిన నమ్మకస్తుడని కచేరీలో బుల్లియ్యని పొగిడారు. ఆ పొగడ్త అతని చెల్లెలి చెవిన వేసి పోయేంత సిగ్గుమాలినవాళ్ళు వాళ్ళు. ఆ ఉప్పు కుప్పని ఎవరూ ముట్టలేదు. సావిడాయలు ఇసుక మీదే కుళ్ళాయి. ఆ కంపుకి పాలెంలో కుక్కలు కూడా అటు పోలేదు.

పోటు వచ్చి రేవులో నెత్తురు కడిగేసింది. తరవాతి ఎండలకి నేల ఆరి, బుల్లియ్య కూర్చున్నచోట కూడా తెల్లగా ఉప్పు పూసింది. దాని నడుమ, గోకి గోకి అంచు కాగితంలా పలచబడిన ఆలిచిప్ప బోర్లా పడి ఉంది.